తుడవని గ్రాఫ్ట్

మంగళవారం ఇస్త్రీ రోజు. ఎడ్నా మెడ్‌ఫోర్త్ రెండు ఇనప పెట్టెల్ని పొయ్యి మీద మార్చి మార్చి వేడి చేసుకుంటోంది. ఒంటి మనిషి ఇంట్లో ఇన్ని బట్టలు ఎక్కణ్ణుంచి వస్తాయో అని తనలో తను అనుకుంటుండగా తలుపు చప్పుడైంది. అదీ ముందు తలుపు. ఆ ఊళ్ళో ముందు తలుపు కొట్టేది పాదిరి, కాకపోతే చావు కబురు మోసుకొచ్చినవాడు. ఎడ్నా చేతిలో పెట్టె అలాగే ఆగిపోయింది. దుప్పటి అంచు మీద గోధుమరంగు మచ్చ పడిపోయింది.

"తియ్యవే ఎడ్నా, మీద పడి కరిచే మనిషి కాదులే," అని బయటినుంచి హెటీ బ్లెంకిన్ గొంతు వినిపించింది. హెటీ పక్కింటావిడ. నోట్లో నువ్వుగింజ నానదు.

హెటీ వెనకాల బెవర్లీ పట్నం నుంచి వచ్చిన పెద్దావిడ నిలబడి ఉంది. పేరు మిస్ థోర్లీ. ముప్పయ్యేళ్ళు పిల్లలకి చదువు చెప్పి మానుకుందట. ఇప్పుడు ఎవరో పెద్ద చదువుల వాళ్ళ కోసం ఊరూరా తిరిగి పాత మాటలు రాసుకుంటోందట. ఆవు కొట్టాన్ని ఏమంటారు, ఎడమచేతి వాటం వాణ్ణి ఏమంటారు, రొట్టె చివరి ముక్కని ఏమంటారు, ఇలా. హెటీ ఇంట్లో పొద్దున్నుంచీ కూచుని అరపుస్తకం నింపేసిందట.

"నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి, ఇంక నీ దగ్గరేమైనా మిగిలుంటే చూద్దామని పట్టుకొచ్చాను," అంది హెటీ.

"నీ దగ్గర మాటలు అయిపోవడమేమిటి? ఏరు ఎండిందన్నా నమ్ముతాను," అంది ఎడ్నా టీ కెటిల్ పొయ్యి మీదకి జరుపుతూ.

మిస్ థోర్లీ నవ్వింది. నెమ్మదైన మనిషి. కుర్చీ ఇస్తే అంచున కూచుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుంది. నాలుగైదు అడిగాక, "మనిషి ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తే మీరేమంటారమ్మా?" అని అడిగింది.

"గ్రాఫ్ట్ అంటాం," అంది హెటీ, అడిగింది తనని కాకపోయినా. "ఇంకేమంటాం? పనిచేస్తే గ్రాఫ్ట్ చేశాడంటాం, చెయ్యకపోతే చెయ్యలేదంటాం."

"అది బట్టల పనికి అంటారా? వంటకి?"

"అన్నిటికీ అంటాం. కాని ఊరికే చేతులు ఆడిస్తే గ్రాఫ్ట్ కాదు. నడుం విరగాలి." హెటీ ఎడ్నా వైపు తిరిగింది. "ఏమే, చెప్పు. మాకంటే నీకే బాగా తెలుస్తుంది. మూడు తరాలుగా కాలవలు తవ్విన ఇంటి దానివి."

చెప్పక తప్పలేదు. ఎడ్నా కెటిల్ వైపు చూస్తూనే చెప్పింది. ఇక్కడి పొలాలన్నీ బంకమట్టి. నీళ్ళు ఇంకవు. అందుకని చలికాలమంతా మనుషులు పొలాల్లో సన్నటి లోతు కాలవలు తవ్వి, అడుగున కాల్చిన మట్టి గొట్టాలు వరసగా పేర్చి, మళ్ళీ పూడ్చేస్తారు. పైపొర వెడల్పు పారతో తీస్తారు. దాని కింది పొర దానికంటే సన్నటి పారతో తీస్తారు. అట్టడుగు పొరకి మనిషి దిగి నిలబడే చోటు కూడా ఉండదు. దానికి వేరే పార ఉంది, చెయ్యి పొడవున, ఆవు నాలుకలా సన్నగా కిందికి దిగిపోతుంది. దాని పేరే గ్రాఫ్ట్. అది ఒక్కసారి దిగే లోతునీ గ్రాఫ్ట్ అంటారు. మూడో గ్రాఫ్ట్ దాకా తవ్వినవాడే తవ్వినవాడు.

"ఆ పార పేరే పనికి పేరుగా వచ్చిందన్నమాట," అంది మిస్ థోర్లీ రాసుకుంటూ. "మావాళ్ళూ అలాగే అనుకుంటున్నారు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ, ఎప్పుడో సముద్రం దాటి పడవల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ భాషలో దీనికి తవ్వడమనే అర్థమట. సమాధిని మనం గ్రేవ్ అని పిలుస్తామే, ఆ పేరూ దీనికి అక్కచెల్లెలే అంటారు. చెట్లకి అంటు కట్టడాన్నీ ఇలాగే పిలుస్తారు గానీ అది వేరే ఇంటి పిల్ల. దీనికి చుట్టం కాదు."

"తవ్వడం, సమాధి, పని, మూడూ ఒకటేనా?" అంది హెటీ. "మా ఆయనకి చెప్తాను, సంతోషిస్తాడు."

ఎడ్నా నవ్వలేదు. కప్పులు సర్దుతోంది.

"ఒక్కటి అడుగుతానమ్మా," అంది మిస్ థోర్లీ. "ఆ మాట మీ ఇంట్లో ఎలా వాడతారో ఒక వాక్యం చెప్పండి. కల్పించి కాదు. ఎప్పుడో ఎవరో నిజంగా అన్నది."

ఒక వాక్యం అప్పటికే ఎడ్నా నాలుక మీద ఉంది. మూడేళ్ళ నుంచీ ఉంది. పొద్దున లేస్తే అదే, ప్రార్థనలో తల వంచితే అదే. ఆ పెద్దావిడ దాన్ని చూసే అడిగిందేమోనని ఎడ్నా భుజాలు తడుముకుంది.

"మా ఆయన విల్ఫ్ గ్రాఫ్ట్ చేసే మనిషి," అంది. "ఊళ్ళో అందరూ అనేవాళ్ళు."

"అబద్ధం కాదు," అంది హెటీ. "పాపం, కాలవలోనే పోయాడు."

మిస్ థోర్లీ కలం ఆపి, క్షమించమన్నట్టు చూసి, ఆ సన్నటి పార ఒకటి కళ్ళతో చూడొచ్చా అని అడిగింది. బొమ్మ గీసుకుంటుందట.

"ఇప్పుడెక్కడున్నాయి. అంతా మిషనేగా," అంది హెటీ. "విల్ఫ్‌ది ఉండాల్సింది, అది ఆయనతోపాటే మట్టిలో పూడుకుపోయింది. వాళ్ళ తమ్ముడు సెత్ నిన్నట్నుంచి దానికోసమే తవ్వుతున్నాడు మళ్ళీ."

ఎడ్నా చేతిలో పాలగిన్నె బల్లకి తగిలి చప్పుడైంది.

"ఎక్కడ?"

"నీకు తెలీదా? హార్కర్ కింది పొలంలో. గురువారం మిషన్ వస్తోందట, ఆ పొలమంతా మళ్ళీ చీల్చేస్తారట. అది రాకముందే అన్న గ్రాఫ్ట్ తీసుకుంటానని హార్కర్ని బతిమాలుకున్నాడట. ఒక్కడే దిగాడు. ఆ దగ్గుతో." హెటీ చక్కెర కలుపుకుంది. "అప్పుడు రావాల్సినవాడు రాలేదు, ఇప్పుడు ఎవరూ లేని కాలవలోకి దిగితే ఏం లాభం చెప్పండి టీచరమ్మా. పన్ను పీకించుకోడానికి పోయి అన్నని పోగొట్టుకున్నాడు. పన్ను సెత్ అంటారు మా ఊళ్ళో."

ఎడ్నా హెటీ కప్పులో మళ్ళీ టీ పోసింది. చుక్క ఒలకలేదు. మూడేళ్ళ అలవాటు అది.

*

వాళ్ళు వెళ్ళాక ఎడ్నా ఇస్త్రీ ముట్టలేదు. పెరట్లో బట్టలుతికే కొట్టులోకి వెళ్ళి, రాగి కాగు వెనక చెయ్యి పెట్టి, పాత గోనెసంచిలో చుట్టిన గ్రాఫ్ట్ బయటికి తీసింది.

కాలవలు తవ్వేవాళ్ళు వెడల్పు పారలు పొలంలోనే వదిలేస్తారు, గ్రాఫ్ట్ మాత్రం వదలరు. అది మనిషి ఎత్తుకి, కాలి బరువుకి అమర్చి చేయించుకున్నది. తిండికి వచ్చినా భుజాన వేసుకునే వస్తారు. సాయంత్రం చెక్కతో మట్టి గీకి, పంది కొవ్వు రాసి గాని గోడకి ఆనించరు. ఆ మనిషి పోతే, అది పెళ్ళానికి చెందదు, కొడుక్కీ చెందదు. చివర పక్కన ఉండి పనిచేసినవాడిది. శవం ఇంట్లో ఉండగానే ఆవిడ దాన్ని గుమ్మంలో నిలబడి అతని చేతిలో పెట్టాలి. ఇది ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు, కాని తప్పినవాళ్ళు లేరు.

విల్ఫ్ పక్కన ఇరవై రెండు చలికాలాలు తవ్వింది సెత్. ఆ ఒక్క సోమవారం లేడు. మూడు రోజులుగా పన్నునొప్పితో మొహం గుమ్మడికాయలా వాచితే, పన్ను పీకించుకు రమ్మని విల్ఫే కసిరి విథర్న్‌సీ బస్సెక్కించాడు. బస్సులోంచి సెత్ అన్నని చూశాడు. గ్రాఫ్ట్ భుజాన వేసుకుని హార్కర్ పొలానికి పోతున్నాడు. చెయ్యెత్తాడు. అదే ఆఖరు. మధ్యాహ్నం రెండింటికి హార్కర్ పాలేరు చూసేసరికి కాలవ గట్టు విరిగి విల్ఫ్ నడుం దాకా మట్టిలో ఉన్నాడు. గుండె ముందు ఆగిందో, గట్టు ముందు విరిగిందో చెప్పలేనన్నాడు డాక్టరు. పక్కన ఇంకో మనిషి ఉంటే లాగేవాడు కదా అంది ఊరు. వెడల్పు పారలు రెండూ దొరికాయి. గ్రాఫ్ట్ దొరకలేదు.

"ఇంటికేమన్నా తెచ్చాడా వదినా?" అని ఆ సాయంత్రం సెత్ అడిగాడు. నోట్లో దూది, గడ్డం మీద ఎండిన నెత్తురు, మాట సరిగా రావడం లేదు.

"లేదు," అంది ఎడ్నా.

ఆ ఒక్క 'లేదు' తరవాత మూడేళ్ళు ఎలా పెరిగిందో ఆవిడకి తెలుసు. పులిసిన పిండిలా, గిన్నెలో మూసిపెట్టినా మూత ఎత్తేసింది. గ్రాఫ్ట్ పూడుకుపోయిందని ఊరు అనుకుంది. కాలవలు తవ్వే గుంపులు సెత్‌ని పిలవడం మానేశాయి. అతను హార్కర్ దొడ్లో టర్నిప్ దుంపలు మోస్తూ, పందులకి కుడితి పోస్తూ, ప్రతి చలికాలం ఆదివారాలు ఆ పొలంలో పది గజాలు తవ్వి పూడ్చేవాడు. అన్న గ్రాఫ్ట్ చేతికొస్తే తనమీద మాట పోతుందని కాదు. చేతికి రావాల్సింది రాలేదని.

గ్రాఫ్ట్ కొసన అరచేతి మందాన మట్టి ఎండి బూడిద రంగుకి తిరిగి ఉంది. ఆ రోజు మట్టే. ఎడ్నా దాన్ని తియ్యలేదు. ఎన్నోసార్లు గుడ్డ పట్టుకుని వచ్చింది, తుడవలేక వెళ్ళిపోయింది.

ఆ సోమవారం పదకొండు గంటలకి విల్ఫ్ వెనక సందులోంచి ఇంటికొచ్చాడు. ఊరంతా ఉతుకుల్లో ఉంది, ఎవరూ చూడలేదు. ఎడ్నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. వంటింటి నేల అప్పుడే కడిగింది. బూట్లతోనే వచ్చి తలుపు పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"చెయ్యి మొద్దుబారినట్టుంది ఎడ్నా. కాసేపు కూచుంటా."

పెరటి కంచె అవతల హెటీ బట్టలు ఆరేస్తోంది. తలెత్తితే కిటికీలోంచి కుర్చీ కనపడుతుంది. ఎడ్నా నాన్న కూడా కాలవలు తవ్వినవాడే. చనిపోయే రోజు పొద్దున కూడా లేచి పొలానికెళ్ళాడని ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. పగటిపూట కుర్చీలో కూచున్న మగవాణ్ణి ఆవిడ పుట్టింట్లో చూడలేదు. ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. తెరిచిన కాలవ మీద వాన పడితే గట్టు నిలవదు, చేసిందంతా నేలపాలు.

"లే," అంది గొంతు తగ్గించి. "ఈ ఇంట్లో గ్రాఫ్ట్ చెయ్యనివాడు పగటిపూట కుర్చీ ఎక్కలేదు. మా నాన్న చచ్చే రోజు కూడా ఎక్కలేదు. హెటీ చూస్తే ఏమంటుంది? కాలవ తెరిచిపెట్టి వచ్చి కూచుంటావా?"

విల్ఫ్ కోప్పడలేదు. ఆవిడని ఒకసారి చూసి, "సరే," అన్నాడు. వంగి, తన టోపీతో నేలమీద బూటు మట్టి తుడవబోయాడు. "నేల పాడు చేశాను." తన పని తను చెయ్యడు, నా పనికి అడ్డం వస్తాడని ఎడ్నా ఆ టోపీ కూడా లాక్కుని చేతికిచ్చింది. వెళ్ళిపోయాడు. టీ కూడా పొయ్యలేదు.

తరవాత నీళ్ళు పారబొయ్యడానికి బయటికి వస్తే గ్రాఫ్ట్ కొట్టు గోడకి ఆనించి ఉంది, కొసన తడి మట్టితో. మరిచిపోయాడు, మళ్ళీ వస్తాడు, ఈసారి ఇంకా బాగా దులుపుతాను అనుకుంది. మరిచిపోయాడా, ఎత్తలేకపోయాడా, మళ్ళీ రావాలనే వదిలాడా, ఇప్పటికీ తెలీదు. రాత్రిళ్ళు ఒక్కోసారి ఒక్కోటి నిజమనిపించేది. మూడూ నిజమే అయినా ఆవిడకి ఏమీ తేలికయ్యేది కాదు.

ఎడ్నా గోనెసంచి అక్కడే పడేసింది. మెడ చుట్టూ శాలువా చుట్టుకుని, గ్రాఫ్ట్ భుజాన వేసుకుని ముందు తలుపులోంచి బయటికొచ్చింది.

*

హార్కర్ పొలానికి వెనక సందున పోతే దగ్గర. ఎడ్నా వీధిలోంచే వెళ్ళింది. ఆడదాని భుజాన గ్రాఫ్ట్ ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. రొట్టెల కొట్టు దగ్గర ఇద్దరు మాట ఆపారు. చర్చి గుమ్మం ఊడుస్తున్నావిడ చీపురు మీద గడ్డం ఆనించి చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే అక్కడే చెప్పేద్దామనుకుంది గానీ, మొదట వినాల్సినవాడు వేరే ఉన్నాడు.

కింది పొలంలో దూరం నుంచి చూస్తే మనిషి లేడు. నేలలోంచి బంకమట్టి ముద్దలు వాటంతట అవే పైకి వచ్చి పడుతున్నట్టుంది. దగ్గరికి పోతే దగ్గు వినిపించింది. సెత్ ఛాతీ దాకా దిగి ఉన్నాడు. కాలవ గోడలకి చెమ్మ పట్టి మెరుస్తోంది. యాభై ఆరేళ్ళ మనిషి, చొక్కా చేతులు మడిచి, చెమటతో పొగలు కక్కుతున్నాడు.

ఎడ్నా గట్టు మీద ఆగి, గ్రాఫ్ట్ దించి నేలకి ఆనించింది. కొస సరిగ్గా అతని కళ్ళ ఎదటికి వచ్చింది.

సెత్ దాన్ని చూశాడు. తవ్వడం ఆపాడు.

"ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. పోతే కదా దొరకడానికి."

సెత్ బొటనవేలు చాపి ఎండిన మట్టిని గీకాడు. పెంకు ఊడి రాలింది.

"తుడవలేదు."

"లేదు."

"అన్న తుడవకుండా గోడకి ఆనించడు వదినా. చేతులు గడ్డకట్టిపోయినా తుడిచేవాడు. ఒక్కటే, మళ్ళీ పట్టుకెళ్ళేదుంటే తుడవడు." అతను మాటలు ఒక్కొక్కటే గొట్టాలు పేర్చినట్టు పేర్చుకుంటున్నాడు. "అంటే మధ్యలో వచ్చాడు."

"పదకొండింటికి."

"ఎందుకొచ్చాడు?"

"చెయ్యి మొద్దుబారిందన్నాడు. కాసేపు కూచుంటానన్నాడు."

"కూచున్నాడా?"

"తలుపు పక్క కుర్చీలో. నేను లేపాను."

"ఏమని?"

ఎడ్నా చెప్పింది. ఒక్క మాట మార్చలేదు, గొంతు కూడా అప్పటిలాగే తగ్గించి చెప్పింది. నాన్న సంగతీ, హెటీ సంగతీ. ఆ మాట గాలిలోకి రావడం మూడేళ్ళలో అదే మొదలు. బయటికొచ్చాక ఇంత చిన్నదా అనిపించింది. దీనికా ఇన్నాళ్ళు అంత చోటు ఇచ్చాను అనుకుంది.

సెత్ కాలవ గోడకి వీపు ఆనించాడు.

"మా నాన్న అనే మాటే అది. నీ మాట కూడా కాదు," అన్నాడు. "నేనూ అనుంటానేమో, నా పెళ్ళాం ఉండి ఉంటే నన్ను అనుండేదేమో. నా కోపం దానికి కాదు వదినా." దగ్గు వచ్చి ఆగాడు. "మూడు చలికాలాలు. ఇంటికేమన్నా తెచ్చాడా అని నిన్నడిగాను. నోట్లో దూది పెట్టుకుని నీ గుమ్మంలో నిలబడి అడిగాను."

"అడిగావు."

"హెటీ పన్ను సెత్ అంటుంటే నువ్వు పక్కన ఉండి టీ పోశావు."

"పోశాను. ఇవాళ కూడా పోశాను."

"ఇక్కడ తవ్వుతున్నానని నీకు తెలుసా?"

"ఆదివారాలు తవ్వేది తెలుసు. కిటికీలోంచి నువ్వు పోవడం చూసేదాన్ని. వచ్చేదాకా వంట పొయ్యి మీద పెట్టేదాన్ని కాదు. నువ్వు తిరిగొచ్చాకే దుంపలు ఉడికించుకునేదాన్ని."

సెత్ నవ్వాడు, సంతోషం లేకుండా. "నా కోసం నీ దుంపలు ఆలస్యమయ్యాయన్నమాట. చాలా కష్టపడ్డావు."

అంతకంటే గట్టిగా ఏదైనా అన్నా ఎడ్నా తట్టుకునేది. అది తట్టుకోలేక చెయ్యి చాపింది, పైకి లాగుదామని. సెత్ ఆ చెయ్యి వైపు చూడలేదు.

"పక్కకి తప్పుకో. ఎక్కాలి."

గ్రాఫ్ట్ కర్ర పట్టుకుని, మోకాలు గట్టు మీద వేసి, దగ్గుతూ ఎక్కాడు. కోటు దులిపి వేసుకున్నాడు. గ్రాఫ్ట్ భుజాన వేసుకుని పొలానికడ్డం పడి పోయాడు. వెనక్కి తిరగలేదు.

కాలవ తెరిచే ఉంది. పన్నెండు గజాలు, ఛాతీ లోతు. తెరిచిన కాలవని వదిలి పోకూడదు. ఆవు పడుతుంది, గొర్రె పడుతుంది, మనిషీ పడతాడు. ఎడ్నాకి పుట్టింట్లో అడుగులు వేసేటప్పుడు నేర్పిన మాట అది. సెత్‌కీ తెలుసు. తెలిసే వెళ్ళాడు.

ఆవిడ శాలువా తీసి కంచె మీద వేసి, అతని వెడల్పు పార అందుకుంది.

బంకమట్టి పారకి అతుక్కుంటుంది, ముద్దని విదిలిస్తే గాని ఊడదు. పదో పారకి భుజాలు పట్టేశాయి. ముప్పయ్యో పారకి అరచేతులు బొబ్బలెక్కాయి, తరవాత అవి చితికాయి. మధ్యలో ఒకసారి ఎడమ చెయ్యి మొద్దుబారింది. భయంతో కాదు, ఆ మొద్దుబారడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని కాసేపు అలాగే నిలబడింది. ఆయనది ఇలాగే ఉండి ఉంటుందా, ఇంకా ఎక్కువా? కూచోబుద్ధయింది. ఎంతగా అంటే, ఆ తడి మట్టిలోనే కూచోబుద్ధయింది. ఒక మనిషి ఊరంత దూరం నడిచి ఇంటి కుర్చీ దాకా వచ్చాడంటే ఎంత కావాలనిపించి ఉండాలో అప్పుడు అర్థమైంది.

నాలుగింటికి హార్కర్ గుర్రబ్బండి ఆపి వచ్చాడు.

"ఇదేంటి ఎడ్నా? ఎల్లుండి మిషన్ వస్తోంది కదమ్మా. అంతా చీల్చేదే. నీకెందుకీ గ్రాఫ్ట్?"

"తెరిచి ఉందండీ," అంది ఎడ్నా.

హార్కర్ ఆవిడ చేతులు చూశాడు. ఇంకేమీ అడగకుండా బండిలోంచి ఇంకో పార తెచ్చి అవతలి చివర నుంచి మొదలుపెట్టాడు. చీకటి పడేలోపు పూడిపోయింది.

*

బుధవారం గడిచింది. గురువారం మిషన్ వచ్చి పొలాన్ని ఒక్క పగటిలో గీతలు గీసి పోయింది. ఎడ్నా గిన్నె పట్టుకోలేక గుడ్డలు చుట్టుకున్న చేతులతో ఇల్లు కనిపెట్టుకుని ఉంది. సెత్ ఊరికి చెప్పి ఉంటాడు, ఇవాళో రేపో ఎవరో ఒకరు వచ్చి మొహం మీద అడుగుతారు అనుకుంది. ఎవరూ రాలేదు. గ్రాఫ్ట్ మోసుకుపోయావట, దొరికిందట కదా, ఎక్కడుందట, అని హెటీ మాత్రం కంచె మీంచి మూడుసార్లు అడిగింది. సెత్‌ని అడగమంది ఎడ్నా. అడిగితే వదినని అడగమన్నాడట.

ఆదివారం చర్చిలో సెత్ ఎప్పుడూ కూచునే వెనక బల్ల మీదే కూచున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర హెటీ మొగుడు "ఏం పన్నూ, ఎలా ఉన్నావు?" అన్నాడు. సెత్ తల ఊపాడు. తన పక్కన నిలబడున్న ఎడ్నా వైపు ఒక్క చూపు చూసి, కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపు ఎడ్నా వెంట ఇంటిదాకా వచ్చింది. అతను చెప్పడు. తన చేత చెప్పించడు కూడా. ఊరికే వదిలేశాడు. తెరిచిన కాలవని వదిలేసినట్టే.

సోమవారం. కాగు కింద మంట పెట్టి, నీళ్ళు మరిగి, దుప్పట్లు వేసింది. పదకొండు కొట్టింది. వెనక తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఎడ్నా గుండె ఒక్క క్షణం మూడేళ్ళ వెనక్కి పోయి తిరిగొచ్చింది.

సెత్ గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతిలో గ్రాఫ్ట్. కొస అద్దంలా ఉంది. పంది కొవ్వు వాసన. గరుకెక్కిన కర్రని కూడా గాజుపెంకుతో నునుపు చేశాడు.

"తీసుకో," అన్నాడు.

"నీది సెత్. నీ చేతిలో పెట్టాల్సింది. ఆలస్యం చేశాను గానీ నీదే."

"నాదెలా అవుతుంది? వారం రోజులు అదే ఆలోచించాను." సెత్ గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకున్న మనిషి గొంతులా ఉంది. "చివర పక్కనున్న వాళ్ళకి చెందాలి. ఆ రోజు నేను పక్కన లేను. పన్ను పీకించుకుంటున్నా. చివర పక్కనున్నది నువ్వు. ఇది నీది వదినా."

గ్రాఫ్ట్ ఆవిడ చేతికిచ్చాడు. బొబ్బలు మాని కొత్త చర్మం వస్తున్న చేతుల్లో కర్ర చల్లగా, బరువుగా కూచుంది.

"శనివారం శనివారం తుడిచి కొవ్వు రాయాలి. లేకపోతే తుప్పు పడుతుంది," అన్నాడు.

"రాస్తాను." ఎడ్నా తలుపు పక్క కుర్చీని ముందుకి జరిపింది. "కూచో సెత్. టీ పోస్తాను. బూట్లతోనే కూచో."

సెత్ ఆ కుర్చీని చూశాడు. దాని కాళ్ళ మధ్య నేలని చూశాడు. కాసేపు కూచుంటాడేమో అనిపించింది.

"ఇవాళ కాదు," అన్నాడు. "హార్కర్ పొలం మూల దగ్గర మిషన్ తిరగలేకపోయిందట. చేత్తో తవ్వాలట. ఎవరన్నా వస్తే తవ్వుతానన్నాను. ఎవరూ రారనుకో." మెట్టు దిగి, ఆగాడు. "వస్తే వస్తారు."

వెనక సందులోంచి అతను పోయేదాకా చూసి, ఎడ్నా లోపలికొచ్చింది. కాగులో దుప్పట్లు ఉడుకుతున్నాయి. మంట తగ్గించింది. గ్రాఫ్ట్ పట్టుకుని కొట్టు వైపు రెండడుగులు వేసి, ఆగి, తిరిగి ఇంట్లోంచి నడిచి ముందు తలుపు తీసింది. వీధిలోకి కనపడేలా గుమ్మం పక్క గోడకి ఆనించింది. ఎండ తగిలి కొస మెరిసింది.

ఇంట్లో పంచదార అయిపోయిందని వంక పెట్టుకుని హెటీ రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇదేనా విల్ఫ్‌ది? ఏమే, చెప్పవేం? మట్టిలో ఉంటే ఇంత మెరుస్తుందా? ఎక్కడ దొరికిందట ఆ పన్ను సెత్‌కి?"

"ఆ పేరు మళ్ళీ అనకు," అంది ఎడ్నా. "లోపలికి రా."

"ఇప్పుడా? నా ఉతుకు సగంలో ఉంది. నీదీ సగంలోనే ఉంది, పొగ కనపడుతోంది."

"ఉండనీ. రా. మొదట్నుంచీ చెప్పాలి."

హెటీని కిటికీ పక్కన కూచోబెట్టి, ఎడ్నా తలుపు పక్క కుర్చీ లాక్కుంది. పట్టపగలు, పదకొండున్నరకి, ఊరంతా చూస్తే చూసేలా తలుపు తెరిచే ఉంచి, అందులో కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సోమవారం ఎడ్నా ఇంటి బట్టలు తీగ ఎక్కలేదు. హెటీవీ ఎక్కలేదు.